అవ్వ వయసెంత? – నూరేళ్లు దాటిన ఆయుష్షు లెక్కలు, మన ఏజెన్సీ చరిత్ర

మన ఏజెన్సీలో ఏ వారపు సంతలో కాసేపు నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది. "మా తాత నూట ఇరవై ఏళ్లు బతికాడు" అని ఒకరంటారు. "మా ఊళ్లో అవ్వకు నూటపాతిక. అల్లూరి సీతారామరాజును కళ్లారా చూసింది" అని ఇంకొకరంటారు. ఇప్పుడు ఫోన్లు వచ్చాక ఈ మాటలు వీడియోలై ఊరూరా తిరుగుతున్నాయి. కొండగాలి, రాగి అంబలి, అడవి దుంపలు, అందుకే అంత ఆయుష్షు అని కింద రాస్తారు. వినడానికి మనకూ గర్వంగానే ఉంటుంది.

అయితే ఆ వయసు నిజమేనా అని ఎవరైనా అడిగితే మనకు కోపం వస్తుంది. పెద్దల్ని అనుమానించినట్టు, అవమానించినట్టు అనిపిస్తుంది. వసతి గృహంలో ఇన్నేళ్లుగా గిరిజన పిల్లల పుట్టిన తేదీలు రాస్తూ, దిద్దిస్తూ, వాటి కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూ వచ్చిన మేము దీన్ని మరోలా చూస్తున్నాం. పెద్దల వయసును శ్రద్ధగా లెక్క కట్టడమే వారికి ఇచ్చే మర్యాద. లేని ఏళ్లు అంటగడితే వారికి గౌరవం పెరగదు. పైగా వారు నిజంగా చూసిన చరిత్ర మన చేతుల్లోంచి జారిపోతుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే.

కాశీలో 280 ఏళ్ల మన ప్రాంతపు స్వామి

ముందుగా మన ప్రాంతపు పెద్ద ఉదాహరణ ఒకటి చూద్దాం. ఆయుష్షు విషయంలో దేశమంతా పేరు పొందిన తెలుగువారు త్రైలింగ స్వామి. ఆయన 1887 డిసెంబరులో కాశీలో సమాధి చెందారు. భక్తులు రాసిన జీవిత చరిత్రల ప్రకారం ఆయన పుట్టింది విజయనగరం ప్రాంతంలో. పూసపాటిరేగ మండలంలోని కుమిలి గ్రామమే ఆ ఊరని చెప్పుకొంటారు. 1979లో వేరే జిల్లా అయ్యేదాకా విజయనగరం మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది.

ఆయన పుట్టిన ఏడు 1607 అని కొందరు రాశారు. 1529 అని మరికొందరు రాశారు. మొదటిది తీసుకుంటే ఆయన 280 ఏళ్లు బతికినట్టు. రెండోది తీసుకుంటే 358 ఏళ్లు. స్వామి మహిమ భక్తుల విశ్వాసం. దాని జోలికి మేము పోవడం లేదు. వయసు మాత్రం లెక్క కాబట్టి, చరిత్ర చదివేవారు దాన్ని ఎలా పరిశీలిస్తారో చూద్దాం.

మొదట, ఏది గట్టిగా ఉందో చూడాలి. ఆయన తెలుగు దేశం నుంచి వచ్చారు కాబట్టే కాశీ ప్రజలు ఆయన్ని త్రైలింగ స్వామి అన్నారు. అంటే ఊరి సంగతికి ఆ పేరే ఒక ఆధారం. 1868లో రామకృష్ణ పరమహంస కాశీయాత్రకు వెళ్లినప్పుడు ఆయన్ని దర్శించిన సంగతి రామకృష్ణుల జీవిత చరిత్రల్లో ఉంది. అంటే ఆ కాలంలో ఆయన కాశీలో ఉన్నారనడానికి తన శిష్యులు కాని బయటివారి సాక్ష్యం కూడా దొరుకుతోంది.

తర్వాత, ఏది వదులుగా ఉందో చూడాలి. పుట్టిన సంవత్సరాలు రెండున్నాయి. వాటి మధ్య తేడా 78 ఏళ్లు. అది ఒక నిండు జీవితం. పుట్టినప్పుడు రాసిన కాగితం ఒక్కటున్నా ఇంత తేడా రాదు. మరొక సంగతి చూడండి. విజయనగరం కోట కట్టింది 1713లో. 1607 నాటికి ఈ ప్రాంతం గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉంది. ఆ ఏడు పుట్టిన పిల్లవాడి ఊరిని విజయనగరం పేరుతో చెప్పడమంటే, ఆ మాట చాలా కాలం తర్వాత రాసినదని అర్థం. అందుకని అది అబద్ధమని కాదు. మనమూ "మా తాత అల్లూరి జిల్లాలో పుట్టాడు" అంటాం కదా! అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. మాట నిజమే, కానీ అది ఈనాటి మాట.

తేలిందేమిటంటే, స్వామి జీవితంలో చివరి భాగానికి సాక్ష్యం ఉంది. పుట్టుకకు లేదు. వయసు తేల్చాలంటే రెండు కొసలూ గట్టిగా ఉండాలి. ఒక కొస గాలిలో ఉంటే తాడు పొడవు ఎవరూ కొలవలేరు.

ఇది మన ఒక్కరి కథ కాదు

కాగితం లేనివాళ్లే ఇలా చెబుతారని ఎవరైనా మనల్ని చిన్నచూపు చూస్తే ఒప్పుకోవద్దు. ఇంగ్లండులో థామస్ పార్ అనే రైతు 152 ఏళ్లు బతికాడని నమ్మి, 1635లో ఆయన్ని రాజులను పాతిపెట్టే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పూడ్చారు. రక్తప్రసరణను వివరించిన పెద్ద వైద్యుడు విలియం హార్వీ ఆయన శవాన్ని పరీక్షించాడు. ఆయన కూడా ఆ వయసును కాదనలేదు.

ఇలాంటి కథలకు మొదటిసారి గట్టిగా రుజువు అడిగినవాడు విలియం థామ్స్. 1873లో ఆయన మనుషుల దీర్ఘాయుష్షు మీద ఒక పుస్తకం రాసి, ఒక్కొక్క కథనూ పత్రాలతో సరిపోల్చి చూశాడు. మన యువత ఇక్కడ ఒక విషయం గమనించాలి. జానపద విజ్ఞానానికి ఇంగ్లీషులో ఇప్పుడు వాడుతున్న 'ఫోక్‌లోర్' అనే పేరు 1846లో పెట్టింది కూడా ఈ థామ్సే. జనం కథల్ని అంతగా ప్రేమించిన మనిషే వయసు దగ్గరికి వచ్చేసరికి రుజువు చూపమన్నాడు. కథను ప్రేమించడానికీ రుజువు అడగడానికీ మధ్య తగువు లేదు.

సోవియట్ కాలంలో అజర్‌బైజాన్‌కు చెందిన షిరాలీ ముస్లిమోవ్‌కు 168 ఏళ్లని ప్రచారం చేశారు. ఆయనకు పుట్టిన పత్రం లేదు. ఆ దేశపు శాస్త్రవేత్త జోరెస్ మెద్వెదేవ్ 1970లలో ఈ కాకసస్ కథల్ని పరిశీలించి ఒక కారణం చెప్పాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం నుంచి తప్పించుకోవడానికి కొందరు తమ తండ్రుల పత్రాలు వాడుకున్నారు. ఆ వయసే వాళ్లకు అంటుకుపోయింది.

దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశంలో విల్కబంబ అనే కొండ లోయ ఉంది. అది మన అరకులా చల్లని చోటు. అక్కడ నూట ఇరవై దాటినవారు ఉన్నారని 1970లలో ప్రపంచమంతా చెప్పుకొంది. పరిశోధకులు చర్చి రికార్డులు తీసి చూశారు. ఒక పెద్దాయన 61 ఏళ్లప్పుడు 70 అన్నాడు. ఐదేళ్లు తిరిగేసరికి 80 అన్నాడు. 87 ఏళ్లకు 121 అన్నాడు. అసలు ఆ లోయలో నూరు దాటినవారు ఒక్కరూ లేరని చివరికి తేలింది. కుటుంబాల్లో అవే పేర్లు మళ్లీ మళ్లీ పెట్టడం వల్ల ఒకరి రికార్డు మరొకరిదిగా పొరబడటం కూడా జరిగింది.

ఈ పేర్ల సంగతి మనం జాగ్రత్తగా పట్టించుకోవాలి. తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. చనిపోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడమూ ఉన్నదే. జపాన్‌లో షిగెచియో ఇజుమి అనే ఆయన 1986లో 120 ఏళ్ల వయసులో చనిపోయారని గిన్నిస్ పుస్తకం చాలా కాలం రాసింది, తర్వాత తీసేసింది. ఆ పుట్టిన తేదీ ఆయనది కాదని, అదే పేరుతో చిన్నప్పుడే చనిపోయిన అన్నదై ఉండవచ్చని పరిశోధకులకు అనుమానం వచ్చింది.

రుజువైన వయసు ఎలా ఉంటుంది?

ఇప్పటిదాకా రుజువైన అతి పెద్ద వయసు ఫ్రాన్స్ దేశపు జాన్ కాల్మాఁ అనే ఆమెది. 1875 ఫిబ్రవరి 21న పుట్టి, 1997 ఆగస్టు 4న చనిపోయారు. 122 ఏళ్ల 164 రోజులు. పుట్టినప్పటి పత్రం, పెళ్లి పత్రం, మళ్లీ మళ్లీ తీసిన జనాభా లెక్కల్లో ఆమె పేరు, ఇలా జీవితమంతా వరసగా ఆధారాలున్నాయి. అయినా 2018లో రష్యా పరిశోధకులు కొందరు సందేహం లేవనెత్తారు. 1934లో చనిపోయింది తల్లి అని, కూతురే తల్లి పేరుతో బతికిందని వాదించారు. మరుసటి ఏడు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ పరిశోధకులు మళ్లీ పత్రాలన్నీ తిరగేసి ఆ వాదనకు జవాబిచ్చారు. అన్ని కాగితాలున్న మనిషికే ఇంత పరీక్ష జరిగింది! రుజువైన మగవారిలో పెద్దాయన జపాన్‌కు చెందిన జిరోమోన్ కిమురా. 2013లో చనిపోయేనాటికి ఆయన వయసు 116 ఏళ్ల 54 రోజులు.

పరిశోధకులు అడిగేవి మూడు రకాల ఆధారాలు. పుట్టిన కాలానికి దగ్గరలో రాసినది ఒకటి. నడివయసులో రాసినది ఒకటి, అంటే పెళ్లి, బడి, భూమి, ఉద్యోగం లాంటివి. ముసలితనంలో రాసినది ఒకటి. ఈ మూడూ ఒకే మనిషివని తేలాలి. ఆపైన కుటుంబమంతా సరిపోలాలి. తోబుట్టువుల వరస, పిల్లల వయసులు, పెళ్లి ఏడు ఒకదానికొకటి అడ్డు తగలకూడదు.

పత్రాలు లేకపోయినా పనికొచ్చే చిన్న లెక్క ఒకటుంది. రుజువైన కేసుల్ని బట్టి చూస్తే, 110 ఏళ్లు దాటినవారిలో ఏటా దాదాపు సగం మంది చనిపోతున్నారు. రూపాయి బిళ్ల ఎగరేసినట్టే. 110 ఏళ్లవారు 1,000 మంది ఉంటే, 111కు 500, 112కు 250, ఇలా తగ్గుతూ 120కి ఒక్కరు మిగులుతారు. 130కి ఒక్కరు మిగలాలంటే మొదట 10 లక్షల మంది 110 ఏళ్లవారు కావాలి. 140కి ఒక్కరు కావాలంటే 100 కోట్ల పైన కావాలి. లోకమంతా కలిపినా ఒక సమయంలో 110 దాటినవారు వందల్లోనే ఉంటారని అంచనా. కాబట్టి ఒకే మండలంలో నూటపాతికేళ్లవాళ్లు ముగ్గురున్నారని ఎవరైనా చెబితే, ముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి.

మన కొండలకు కాగితం ఎప్పుడొచ్చింది?

మన పెద్దలకు పుట్టిన పత్రం లేకపోవడం వారి తప్పు కాదు. దానికి చరిత్ర ఉంది. 1839లో ఇంగ్లీషువాళ్లు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకు ప్రత్యేక చట్టం చేసి, మామూలు చట్టాల నుంచి విడదీసి కలెక్టరును ఏజెంటుగా పెట్టారు. 'ఏజెన్సీ' అన్న మాట మనకు అలా అంటుకుంది. ముఠాదారు ద్వారా పన్ను వసూలైతే చాలనుకున్న పాలనకు గూడెంలో ఏ బిడ్డ ఎప్పుడు పుట్టిందో అవసరం లేకపోయింది. దేశమంతటికీ ఒకే జనన మరణ నమోదు చట్టం వచ్చింది 1969లో. అది కూడా కొండల మీది గూడేలకు ఎక్కేసరికి ఇంకా ఏళ్లు పట్టింది.

ఆ ఖాళీని బడి పూరించింది. పిల్లను బడిలో వేసిన రోజు మాస్టారు ముఖం చూసి, పళ్లు చూసి, ఐదేళ్లు నిండేలా ఒక తేదీ వేశారు. మా వసతి గృహం అడ్మిషన్ రిజిస్టరు తెరిస్తే జూన్, జులై నెలల్లో పుట్టినవారే గుంపులు గుంపులుగా కనిపిస్తారు. ఆధార్ వచ్చాక తేదీ తెలియనివాళ్లకు జనవరి 1 పడింది. పెద్దవాళ్లను అడిగితే అరవై, డెబ్బై, ఎనభై అంటారు తప్ప అరవైమూడు, డెబ్బైఏడు అనరు. జనాభా లెక్కల్లో సున్నాతో, ఐదుతో ముగిసే వయసుల దగ్గర జనం కుప్పపడటం దేశమంతా ఉన్నదే.

ఇది కలిసి ఎంత పెద్దదవుతుందో చూడండి. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో నూరేళ్లు, ఆపైన ఉన్నట్టు చెప్పుకున్నవారు ఆరు లక్షలు దాటారు. దీర్ఘాయుష్షుకు పేరుపడ్డ జపాన్‌లో ఆ ఏడు నూరు దాటినవారు యాభై వేలు కూడా లేరు. మన జనాభా వారికంటే దాదాపు పదింతలు ఎక్కువే. అయినా సగటు ఆయుష్షులో మనం వారికంటే చాలా వెనక ఉన్నాం. అందుకే ఈ అంకెను పరిశోధకులు ఉన్నది ఉన్నట్టుగా తీసుకోరు.

కాగితం లేనిచోట కాలమే కాగితం

మరి మన పెద్దల వయసు తేలదా? తేలుతుంది. రోజు తేలకపోవచ్చు, నాలుగైదేళ్ల అటూ ఇటూ తేలుతుంది. జనాభా లెక్కలకు వెళ్లేవారికి ప్రభుత్వమే ఒక పద్ధతి నేర్పుతుంది. ఆ ప్రాంతంలో అందరికీ గుర్తుండే సంఘటనల వరస ఒకటి దగ్గర పెట్టుకుని, "ఆ ఏటికి నువ్వు ఎంత ఉన్నావు?" అని అడగాలి. విశాఖపట్నానికీ మన కొండలకూ పనికొచ్చే వరస ఇది:

1922 ఆగస్టు 22 – సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడిన రోజు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి.

1924 మే 7 – రాజును పట్టుకుని కాల్చి చంపిన రోజు.

1933 డిసెంబరు – విశాఖపట్నం రేవును లాంఛనంగా ప్రారంభించిన నెల.

1942 ఏప్రిల్ 6 – విశాఖ మీద జపాన్ బాంబులు పడిన రోజు. పట్నం జనం పల్లెలకు పరుగెత్తిన కాలం.

1948 మార్చి 14 – విశాఖలో కట్టిన జలఉష ఓడను నెహ్రూ నీళ్లలోకి దించిన రోజు.

1952 – మొదటి ఓట్లు. ఫితూరీలో పోరాడి అండమాన్ జైలు చూసివచ్చిన గాం మల్లుదొర విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన ఏడు.

1955 – మాచ్‌ఖండ్ కరెంటు మొదలైన ఏడు.

1960లు – కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కోసం కొండలు తొలిచిన కాలం.

1966 – 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమం. 1971 జనవరి 20న ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన.

దీనికి మీ ఊరి సంగతులు మీరు కలపాలి. ఊరికి బడి వచ్చిన ఏడు, రోడ్డు పడిన ఏడు, పెద్ద గాలివాన, పెద్ద కరువు, పాత నాయుడు చనిపోయిన ఏడు.

ఒక అవ్వ లెక్క

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మా పిల్లలు చేసిన పని ఒకటి చెబుతాం. కొన్నేళ్ల క్రితం వేసవి సెలవులకు ఇంటికి వెళ్లే ఆడపిల్లలకు మేము ఒక పని అప్పగించాం. ఊళ్లో అందరికంటే పెద్దవారి వయసు కనుక్కుని, ఎలా కనుక్కున్నారో కూడా రాసుకు రమ్మన్నాం. ముంచంగిపుట్టు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి తన అవ్వ వయసు 125 అని రాసుకొచ్చింది. ఆధార్‌లో 103 ఉంది. ఓటరు కార్డు లెక్కన 96. త్రైలింగ స్వామికి రెండు పుట్టిన ఏళ్లుంటే ఈ అవ్వకు మూడున్నాయి.

125 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాం. అవ్వ ఫితూరీ చూసిందట. పోలీసులు వస్తే కొండెక్కి దాక్కున్నామని చెబుతుందట. దాక్కునే నాటికి పెద్దదే అయి ఉంటుందని ఇంట్లోవాళ్లు లెక్క కట్టుకున్నారు. పిల్ల మళ్లీ సెలవులకు వెళ్లినప్పుడు ప్రశ్నలు రాసిచ్చి పంపాం.

మొదటి ప్రశ్న చిన్న కొడుకు గురించి. ఆయన బడిలో చదివాడు. రికార్డు ప్రకారం 1971లో పుట్టాడు. అవ్వకు 125 అయితే కొడుకు పుట్టేనాటికి ఆమెకు డెబ్బై దాటి ఉండాలి. అది కుదరదు. ఆధార్‌లోని 103 తీసుకున్నా యాభై దాటుతుంది. అదీ కుదరదు.

రెండో ప్రశ్న పెళ్లి గురించి. "అవ్వా, నీ పెళ్లికి ముందు మీ అయ్య ఏం పని చేసేవాడు?" అని మనవరాలు అడిగింది. మాచ్‌ఖండ్ డ్యాము పనికి కూలికి వెళ్లేవాడని, తాను అంబలి కుండ నెత్తిన పెట్టుకుని వెళ్లేదాన్నని చెప్పింది. అంటే 1955కు కాస్త ముందు ఆమె పెళ్లికాని పిల్ల, కుండ మోయగల వయసు.

మూడోది రైలు. కె.కె. లైను పనిలో తట్టలు మోసిందట. రెండో బిడ్డను చెట్టుకింద పడుకోబెట్టి, పెద్దపిల్లను కాపలా పెట్టేదట. అంటే 1960లలో ఆమె ఇద్దరు పిల్లల తల్లి.

నాలుగోది ఫితూరీ. "దాక్కున్నప్పుడు నువ్వు ఎంత ఉన్నావు? నిన్ను ఎత్తుకున్నారా, నడిచావా?" అని అడిగితే అవ్వ నవ్విందట. "నేనెక్కడున్నానే పిల్లా! నేనింకా పుట్టలేదు. మా అమ్మ చెప్పేది. మా అమ్మ పుట్టిల్లు గూడెం వైపు" అంది.

అన్నీ కలిపితే అవ్వ పుట్టింది 1932కూ 1936కూ మధ్య. చిన్న కొడుకు పుట్టేనాటికి ఆమెకు 35 నుంచి 39. పెళ్లి, డ్యాము, రైలు అన్నీ సరిపోయాయి. మేము లెక్క చేసేనాటికి ఆమె వయసు తొంభైకి అటూ ఇటూ.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదని గమనించండి. మన పెద్దలు "మేము కొండెక్కాం" అంటే, ఆ 'మేము'లో తల్లి ఉంటుంది, తాత ఉంటాడు, ఊరంతా ఉంటుంది. విన్నవాళ్లం దాన్ని 'నేను' అనుకున్నాం. అవ్వను ఎవరూ అడగలేదు, అంతే.

ఇంకా ముఖ్యమైనది వేరే ఉంది. నూటపాతికేళ్ల అవ్వ అని చూడటానికి వచ్చిన ప్రతివారూ ఆమెను సీతారామరాజు గురించే అడిగారు. ఆమె చూడని సంగతి అది. మాచ్‌ఖండ్ డ్యాము కూలీల గురించి, రైలు పట్టాల కింద మట్టి మోసిన ఆడవాళ్ల గురించి ఎవరూ అడగలేదు. ఆమె ఒంటితో చూసిన సంగతులు అవి. బైలదిల్లా ఇనుప ఖనిజం ఆ పట్టాల మీదుగానే విశాఖ రేవుకు దిగి, జపాన్‌కు ఓడెక్కింది. విశాఖను రేవు పట్నమని లోకమంతా పొగుడుతుంది. ఆ రేవుకు ఖనిజం చేర్చే దారి కోసం మన ఆడవాళ్లు తట్టలు మోశారన్న మాట పుస్తకాల్లో వెతికినా దొరకడం కష్టం. అది చెప్పగల మనిషి మన ఇంట్లోనే ఉంది. లేని ముప్పైఐదేళ్లు ఆమెకు కలిపి, ఉన్న సాక్ష్యాన్ని మనమే కప్పేశాం.

వయసు తప్పితే ఏం పోతుంది?

"పోనీలెండి, పెద్దావిడ, ఇంకో పదేళ్లు కలిపితే ఏం పోయింది?" అనేవారున్నారు. పోయేది భూమి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ భూమి మన సాగులో ఉందని చూపాలి. నిబంధనల్లో ఒప్పుకున్న ఆధారాల్లో ఊరి పెద్దల వాంగ్మూలం ఒకటి. హక్కు అడిగేవారు కాకుండా వేరే పెద్దలు చెప్పినది కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. అంటే మన అవ్వ మాటకు చట్టంలో విలువ ఉంది. ఆ వాంగ్మూలంలో వయసు 125 అని రాసి, ఆధార్‌లో 103 ఉండి, కొడుకు వయసు ఏభై అయితే, చదివే అధికారి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాడు. తర్వాత వచ్చే నిజమైన మాటలన్నీ ఆ ఒక్క అంకెతో అనుమానంలో పడతాయి.

పింఛను సంగతీ అంతే. జపాన్‌లో 2010లో 111 ఏళ్లని రికార్డుల్లో ఉన్న ఒకాయన్ని చూడటానికి అధికారులు వెళితే, ఆయన అప్పటికి దాదాపు ముప్పై ఏళ్ల క్రితమే చనిపోయాడని తేలింది. ఇంట్లోవాళ్లు పింఛను తీసుకుంటూ వచ్చారు. ఆ తర్వాత వెతికితే, నూరు దాటినట్టు కుటుంబ రిజిస్టర్లలో ఉండి ఆచూకీ లేనివారు రెండు లక్షల ముప్పై వేలకు పైగా తేలారు. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రంలో జనన పత్రాలు మొదలైన కొద్దీ 110 దాటినవారి సంఖ్య బాగా పడిపోయిందని సాల్ న్యూమన్ అనే పరిశోధకుడు చూపాడు. ఎక్కడ రికార్డు సరిగా లేదో అక్కడే అతి దీర్ఘాయుష్షు ఎక్కువ కనిపిస్తుంది. తప్పుడు వయసు బయటపడినప్పుడు ఆ ఒక్కరి పింఛనే ఆగదు. ఊళ్లో నిజంగా అర్హులైన పెద్దలందరి కాగితాల మీదా అనుమానం పడుతుంది.

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. "కొండమీద అందరూ నూరేళ్లు బతుకుతారు" అన్న మాట ప్రచారమైతే, ఇక్కడ ఆసుపత్రి ఎందుకు, అంబులెన్సు ఎందుకు అన్న మాట దాని వెనకే వస్తుంది. మన తల్లులు కాన్పుల్లో, మన పిల్లలు జ్వరాల్లో పోతున్న సంగతి ఆ గొప్పల కింద కనిపించదు.

మన యువత చేయాల్సింది

మొదటిది: మీ ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. వయసెంత అని అడగొద్దు. పై సంఘటనల వరస పెట్టుకుని, ఆ ఏటికి పెళ్లయిందా, చేతిలో బిడ్డ ఉందా, ఏం పని చేసేవారు అని అడగండి.

రెండోది: "నువ్వు చూశావా, విన్నావా?" అని ప్రతి సంగతికీ అడిగి, పక్కన 'చూసింది' 'విన్నది' అని రాయండి. విన్నదైతే ఎవరి నోట విన్నారో రాయండి. విన్నది తక్కువదేం కాదు. మన చరిత్ర ఎక్కువగా అలాగే నిలిచింది. కాకపోతే రెండింటినీ కలపొద్దు.

మూడోది: పిల్లలందరి పేర్లు వరసగా రాయండి. చనిపోయిన బిడ్డలనూ రాయండి. ఒకే పేరు రెండుసార్లు వచ్చిందేమో చూడండి. తల్లి వయసుతో పెద్దబిడ్డ, చిన్నబిడ్డ వయసులు సరిపోతున్నాయా చూడండి.

నాలుగోది: వయసును ఒకే అంకెగా రాయొద్దు. '88 నుంచి 92 మధ్య' అని రాయండి. ఎలా తేల్చారో రెండు వాక్యాల్లో రాయండి. తేదీ వేసి, మీ పేరు రాయండి.

ఐదోది: వారి మాటను వారి భాషలోనే రికార్డు చేయండి. కువి అయితే కువి, ఆదివాసీ ఒడియా అయితే ఒడియా. తెలుగు తర్వాత రాసుకోవచ్చు.

ఆరోది రేపటి పని: మీ ఇంట్లో బిడ్డ పుడితే 21 రోజుల్లో నమోదు చేయించండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడికి, ఆధార్‌కు, ఉద్యోగానికి జనన పత్రమే ప్రధాన ఆధారం. జూన్ నెలలో పుట్టకుండానే జూన్‌లో పుట్టినవారయ్యే తరం మీతో ఆగిపోవాలి.

నిజంగా నూరేళ్లు దాటినవారు మన కొండల్లో ఉండవచ్చు. అలాంటివారు దొరికితే పైన చెప్పిన లెక్కతో రుజువు చేసి, అందరికీ చూపుదాం. అప్పుడు ఆ గౌరవాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అంతదాకా తొంభై ఏళ్ల అవ్వను తొంభై ఏళ్ల అవ్వగానే మన్నిద్దాం. మలేరియా, ఆకలి, డ్యాము, రైలు దాటుకుని తొంభై ఏళ్లు బతకడం చిన్న సంగతి కాదు. ఈ వర్షాకాలం సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం పట్టుకెళ్లండి. మొదటి పేజీలో అవ్వ పేరు రాసి, మాచ్‌ఖండ్ ఏటి నుంచి మొదలుపెట్టండి.